నది లేని దీవిలో దసరా సెలవులు

ఈ దసరా సెలవులకు సముద్రం ఉన్న చోటికే పోవాలన్నది నా పట్టు. పాత కట్టడాలున్న చోటికే పోవాలన్నది మా ఆయన పట్టు. ఆయన సివిల్ ఇంజనీరు. పుట్టింది తాడిపత్రిలో, పెరిగింది బండల పాలిష్ ఫ్యాక్టరీల మధ్య. నాది అనంతపురం, బెంగళూరులో బడి పిల్లలకు లెక్కలు చెప్తాను. మధ్యధరా సముద్రం నడుమ, సిసిలీకి దక్షిణాన ఉన్న మాల్టా మా ఇద్దరి పట్టూ నెగ్గించింది. దేశం మొత్తం కలిపి 316 చదరపు కిలోమీటర్లు, మన బెంగళూరు నగరంలో సగం కూడా కాదు. అందులో ఐదు లక్షలకు పైగా జనం. నది లేదు, సరస్సు లేదు. ఆ సంగతి చదివిన రోజు నుంచి మా ఆయనకు వేరే ధ్యాస లేదు. “నీళ్ళు లేకుండా ఇంతమంది ఇన్ని వేల ఏండ్లు ఎట్లా బతికినారే?” అని కాఫీ తాగుతూ ఒకసారి, కారు నడుపుతూ ఒకసారి అడిగేవారు. అనంతపురం జిల్లా మనిషికి రావలసిన ప్రశ్నే.

వెళ్ళాలనుకునేవాళ్ళకు పనికొచ్చే మాటలు ముందే చెప్పేస్తాను. యూరప్ దేశాలు చాలావాటికి ఉమ్మడిగా పనికొచ్చే షెంగెన్ వీసా కావాలి. బెంగళూరు నుంచి నేరుగా విమానం లేదు. ఇంగ్లీషు అక్కడ అధికార భాష కాబట్టి మాటకు ఇబ్బంది ఉండదు. 1964 దాకా బ్రిటిష్ పాలనలో ఉన్న దేశం కనుక బండ్లు మనలాగే ఎడమ పక్కన నడుస్తాయి, ప్లగ్గులకు మాత్రం మూడు చదరపు కాళ్ళుంటాయి, అడాప్టర్ కొనుక్కోవాలి. యూరప్‌లోకి బయటి నుంచి మాంసం, పాల పదార్థాలు తీసుకుపోకూడదు. ఆ నియమం చదివి నెయ్యి డబ్బా ఇంట్లో పెట్టేశాను. మైసూర్‌పాక్ డబ్బా మాత్రం దేవనహళ్ళి విమానాశ్రయం దాకా వచ్చింది. “దీంట్లో నెయ్యి ఉండదా?” అన్నాను. మా ఆయన ఒక్క క్షణం ఆలోచించి, బోర్డింగ్ గేటు దగ్గర కూర్చుని డబ్బా ఖాళీ చేశారు. పక్క సీట్లోని పాపకు రెండు ముక్కలు దక్కాయి.

శుక్రవారం

దుబాయ్‌లో విమానం మారి, సైప్రస్‌లో ఒకసారి ఆగి మాల్టాలో దిగేసరికి మధ్యాహ్నం. కిటికీలోంచి చూస్తే దీవంతా తేనె రంగు. ఊర్లూ కోటలూ చర్చిలూ పొలం గట్లూ అన్నీ ఒకే రాయి. దాన్ని గ్లోబిజెరినా సున్నపురాయి అంటారని, గనిలోంచి తీసినప్పుడు మెత్తగా ఉండి రంపానికి తేలిగ్గా లొంగుతుందని, గాలి తగిలాక పైపొర గట్టిపడుతుందని మా ఆయన టాక్సీలో చెప్పడం మొదలుపెట్టారు. డ్రైవరుకు ఆ మాటలు నచ్చాయి. తన తాత రాతి గనిలో పనిచేశాడట. దారంతా వాళ్ళిద్దరే మాట్లాడుకున్నారు, నేను సముద్రం చూసుకున్నాను.

మేం దిగింది బిర్గు అనే పాత ఊరిలో. రాజధాని వాలెట్టాకు ఎదురుగా, రేవుకు ఇవతలి ఒడ్డున ఉంటుంది. సన్నని సందులో రెండంతస్తుల రాతి ఇల్లు, పైన మాకు గది, కింద ఇంటావిడ. డెబ్భై దాటిన మనిషి. లోపల చిన్న వాకిలి, వాకిట్లో కుండీల నిండా తులసి జాతి మొక్కలు, మూలన ఇనుప మూత వేసిన రాతి ఒర. మా ఆయన పెట్టె కింద పెట్టకముందే దాని దగ్గరికి పోయి నిలబడ్డారు.

“బావేనా అమ్మా?”

“బావే. చూస్తారా?” అంటూ ఆవిడ మూత తీసి చేద దించింది. మొక్కలకు, గచ్చు కడగడానికి ఇప్పటికీ ఆ నీళ్ళేనట. ఊట బావి కాదు, మిద్దె మీద పడ్డ వాన నీరు గొట్టంలోంచి దిగి నిలిచే తొట్టి. పైన ఇరుకు, లోపల గంట ఆకారంలో వెడల్పు, అంతా రాతిలోనే తొలిచింది. మా ఆయన ఫోను దీపం వేసి లోపలికి వంగి చూస్తూ ఉండిపోయారు. వెనకనుంచి చొక్కా పట్టుకుని నేను.

శనివారం

పొద్దున్నే టిఫినుకు పస్తిత్సి. పొరలు పొరలుగా విడిపోయే పిండిలో జున్ను లాంటి రికోటా గానీ, ఉడకబెట్టిన బఠాణీ గానీ పెట్టి కాలుస్తారు. బెంగళూరు అయ్యంగార్ బేకరీ పఫ్‌కు దగ్గరి చుట్టం. కారం లేదు, అంతే. ఆ లోటు మా పొట్లంలోని పల్లీల పొడి తీర్చింది.

బిర్గు నుంచి వాలెట్టాకు డైసా అనే రంగుల పడవలో దాటాం. పడవ దిగాక కోట గోడ పక్కనే 58 మీటర్ల ఎత్తుకు తీసుకుపోయే లిఫ్టు ఉంది. అది మనల్ని ఎగువ బరక్కా తోటలోకి చేరుస్తుంది. రోజూ పన్నెండింటికి, మళ్ళీ నాలుగింటికి అక్కడ ఫిరంగి పేలుస్తారు. దానికి ఇంకా వేళ ఉందని ముందు సెయింట్ జాన్ కో-కెథెడ్రల్ అనే పెద్ద చర్చికి నడిచాం.

ఈ నగరం కథ కొంచెం చెప్పాలి. 1565లో ఒట్టొమన్ తుర్కులు పెద్ద నౌకాదళంతో మాల్టాను ముట్టడించారు. నాలుగు నెలలకు దగ్గరగా సాగిన ఆ పోరులో సెయింట్ జాన్ నైట్లు (అప్పట్లో దీవిని ఏలుతున్న క్రైస్తవ యోధుల సంఘం), మాల్టా జనం నిలదొక్కుకున్నారు. మరుసటి ఏడాదే వాళ్ళ నాయకుడు జాన్ ద వాలెట్ ఈ ఊరికి పునాది రాయి వేశాడు, అందుకే వాలెట్టా. బోడి కొండ మీద కొత్త ఊరు కడుతూ నైట్లు ఒక కట్టుబాటు పెట్టారు: ప్రతి ఇంటికీ వాన నీటి తొట్టి ఉండి తీరాలి. ఇంటి పునాదికి తవ్విన గుంట తొట్టి అవుతుంది, అందులోంచి తీసిన రాయి గోడ అవుతుంది. ఇది విన్నాక మా ఆయన వీధి మధ్యలో ఆగిపోయారు. బెంగళూరులో వాన నీటి సేకరణ తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది 2009లో. మా అపార్ట్‌మెంటులోనూ తొట్టి ఉంది. దానికి పోయే గొట్టంలో రావి మొక్క మొలిచి ఉంది. ఎండాకాలంలో గేటు ముందు ట్యాంకర్లు వరస కడతాయి. “నాలుగు వందల యాభై ఏండ్ల కిందట వీళ్ళకు తెలిసింది…” అని ఆయన అంటుంటే నేను చెయ్యి పట్టుకుని నీడలోకి లాగాను.

కెథెడ్రల్ బయట నుంచి చూస్తే కోట గోడలా సాదా. లోపల అడుగుపెడితే కన్ను ఎక్కడ నిలపాలో తెలియదు. నేల మీద నాలుగు వందల దాకా సమాధి పలకలున్నాయి. రంగురంగుల పాలరాళ్ళు ముక్కలుగా కోసి, అస్థిపంజరాలు, దేవదూతలు, వంశ చిహ్నాలు పొదిగారు. సూది మడమ చెప్పులతో లోపలికి రానివ్వరు, ఆ నేల కోసమే. మా ఆయన మోకాళ్ళ మీద కూర్చుని అతుకులు చూశారు. కాపలాదారు దగ్గరికి వచ్చి, తిట్టకుండా, ఇంకా బాగా అతికిన పలక ఏదో చూపించి పోయాడు.

నన్ను కదిలించింది మాత్రం పక్కగదిలోని చిత్రం. ఇటలీ చిత్రకారుడు కరవాజ్జో 1608లో ఇక్కడే గీసిన, బాప్తిస్మమిచ్చే యోహాను శిరచ్ఛేదం. గోడంత పెద్దది. సగం చిత్రంలో ఏమీ లేదు, చీకటి జైలు గోడ మాత్రమే. ఒక మూలన నేల మీద పడున్న మనిషి, అతని మెడ నుంచి కారిన నెత్తురు. ఆ నెత్తురులోనే చిత్రకారుడు తన పేరు రాసుకున్నాడు. ఆయన సంతకం ఉన్న చిత్రం ఇదొక్కటే. రోమ్‌లో ఒకరిని చంపి పారిపోయి వచ్చినవాడు, ఇక్కడ నైట్ అయ్యాడు, కొన్ని నెలల్లోనే గొడవపడి జైలు పాలై, తప్పించుకుపోయాడు. ఈ గదిలోనే, ఈ చిత్రం ముందే, సభ తీర్చి అతన్ని వెలివేశారు. పక్కన ఊచల కిటికీలోంచి చూస్తున్న ఇద్దరు ఖైదీల ముఖాలు నాకు ఇప్పటికీ కళ్ళముందున్నాయి. నేనెంతసేపు నిలబడ్డానో మా ఆయన ఒక్కమాట అనకుండా నా చేతిసంచి పట్టుకుని పక్కనే ఉన్నారు. అందువల్ల పన్నెండింటి ఫిరంగి తప్పింది. నాలుగింటిది విన్నాం. పావురాలన్నీ ఒక్కసారి లేచాయి, మా ఆయన కూడా.

తోటలో కూర్చున్నప్పుడు ఒక పాత సంగతి గుర్తుచేసుకున్నాం. 1878లో రష్యాతో యుద్ధం వస్తుందేమోనని బ్రిటిష్ ప్రభుత్వం ఏడు వేల మంది దాకా భారత సైనికుల్ని సూయజ్ కాలువ మీదుగా ఈ రేవుకే తెచ్చింది. వాళ్ళలో మద్రాసు సైన్యం మనుషులూ ఉన్నారు, మద్రాస్ శాపర్లూ (సైన్యంలో ఇంజనీరింగ్ పనులు చేసే దళం) ఉన్నారు. శాపర్ల స్థావరం మన హలసూరు చెరువు పక్కనే. ఆ సైన్యంలో తెలుగువాళ్ళు ఎంతోమంది ఉండేవాళ్ళు. యుద్ధం రాలేదు. ఎండలో ఇవే మెట్లెక్కి, ఇదే రేవును చూస్తూ ఎవరో ఒకరు తెలుగులో ఇంటి సంగతులు మాట్లాడుకునే ఉంటారు కదా!

ఆదివారం

మర్సష్లోక్ అనే జాలరి ఊర్లో ఆదివారం చేపల సంత. రేవు నిండా లుట్సు పడవలు: నీలం, పసుపు, ఎరుపు, ఆకుపచ్చ పట్టీలు, ముక్కుకు రెండు పక్కలా చెక్కిన కళ్ళు. సముద్రంలో కీడు తగలకుండా ఆ కళ్ళు కాపాడతాయని నమ్మకం.

ఈ కాలంలో దొరికే చేప లంపూకి. దాన్ని పట్టే తీరు ఎంత బాగుందో! జాలర్లు తేలే చెక్కల్ని, తాటి జాతి మట్టల్ని సముద్రం మీద వరసగా వదులుతారు. ఎండకు చేపలు ఆ నీడ కిందికి చేరతాయి. అప్పుడు చుట్టూ వల వేస్తారు. నీడ చూపించి పట్టడమన్నమాట. ఒక చేప కొని బిర్గుకు తెచ్చాను. ఇంటావిడ వంటగది ఇచ్చింది, చింతపండూ కారమూ నా దగ్గరున్నాయి. పులుసు మరుగుతుంటే సందులో పోయేవాళ్ళు ఆగి కిటికీలోంచి పలకరించారు.

ఆవిడ రొట్టె ముక్కతో పులుసు అద్దుకుని నోట్లో పెట్టుకుంది. కళ్ళలో నీళ్ళు. నేను కంగారుపడి మంచినీళ్ళు అందించాను. ఆవిడ గ్లాసు పక్కన పెట్టి గిన్నె దగ్గరికి జరుపుకుంది. బదులుగా మాకు తన రొట్టె పెట్టింది: పైన గట్టి పెళుసు, లోపల మెత్తన, టమాటా గుజ్జు రాసి, ఆలివ్ నూనె పోసి, ఊరబెట్టిన కేపర్ మొగ్గలు చల్లి. మా ఆయన దాని మీద గోంగూర పచ్చడి కూడా రాశారు. నేను వద్దన్నాను. తిన్నాక ఇంకొకటి నేనే అడిగాను.

సోమవారం

గోజో దీవికి. బస్సులో చిర్కేవ్వా రేవు దాకా, అక్కడనుంచి కార్లు ఎక్కించుకునే పెద్ద ఓడ. పోయేటప్పుడు టికెట్ అడగరు, తిరుగు ప్రయాణంలోనే వసూలు చేస్తారు. మా ఆయనకు ఈ పద్ధతి అసలు పడలేదు. ఇరవై ఐదు నిమిషాల ప్రయాణంలో డబ్బులు చేతిలో పట్టుకుని డెక్ మీద అటూ ఇటూ తిరిగారు, ఎవరైనా వచ్చి అడుగుతారని. ఆ గాలికి నోట్లు ఎగిరిపోతాయని నేను, అడిగితే చూపించడానికి ఉండాలని ఆయన.

జిగంటియా ఆలయాలు చూడటం కోసం ఎంత దూరమైనా రావచ్చు. సామాన్య శకానికి ముందు 3600 ప్రాంతంలో కట్టినవి, గీజా పిరమిడ్ల కంటే వెయ్యేళ్ళు పాతవి. లోహపు పనిముట్లు లేవు, చక్రం వాడిన ఆనవాళ్ళు లేవు. అయినా ఐదు మీటర్లు దాటిన రాళ్ళు, యాభై టన్నులు దాటిన రాళ్ళు నిలబెట్టారు. అడుగున గుండ్రటి రాతి గుండ్లు పెట్టి దొర్లించి ఉంటారని పండితుల ఊహ. ఒక రాక్షస స్త్రీ బాకలా చిక్కుడు గింజలు తింటూ, బిడ్డను భుజానికి కట్టుకుని, ఒంటరిగా ఇదంతా కట్టిందని గోజో జనం చెప్పుకుంటారు. ఇంజనీర్ల లెక్కల కంటే నాకు ఈ కథే నమ్మబుద్ధయింది. చంకన పిల్లతో ఆడవాళ్ళు చేసిన పనుల్ని నేను మా అమ్మ దగ్గరే చూశాను. మా ఆయన కాదనలేదు. “ఆమె దగ్గర సైట్ ఇంజనీరుగా చేరేవాణ్ణి” అన్నారు.

బయట దారి పక్కన రాతి గట్ల మీద నాగజెముడు కంచె. ఎర్రగా పండిన కాయలు! మా ఆయన చిన్నప్పుడు తాడిపత్రి చుట్టుపక్కల బీళ్ళలో తిన్నవే. సంతలో ముళ్ళు గీకి, తొక్క తీసి అమ్ముతున్నారు. రెండు యూరోలిచ్చి కొన్నాం. పెదాలు, పళ్ళు, చొక్కా కాలరు అన్నీ ఎరుపు. ఆ ముఖంతోనే ఆయన ష్వేని ఉప్పు మడుల దగ్గర ఫొటో దిగారు. ఒడ్డున రాతిలో గళ్ళుగళ్ళుగా తొలిచిన మడుల్లోకి సముద్రపు నీరు పట్టి, ఎండలో ఇగరబెట్టి, ఊడ్చి పోగు చేస్తారు. ఎండాకాలమంతా అదే పని. అక్కడే అర కిలో ఉప్పు కొన్నాను.

మంగళవారం

కోమినో అనే చిన్న దీవి, అక్కడి నీలి మడుగు. నీళ్ళు నిజంగా ఆ రంగే, ఫొటోల్లో పూసింది కాదు. జనం మాత్రం విపరీతం. మొదటి పడవలో పోయి, పదకొండుకల్లా తిరిగి వచ్చేయడం మంచిది. నేను బెంగళూరులో ఈత నేర్చుకున్నది దేనికో అక్కడ తెలిసింది. ఉప్పు నీళ్ళలో ఒళ్ళు దానంతటదే తేలుతుంది. మా ఆయన నడుము లోతులో, టోపీ కళ్ళజోడుతో నిలబడి, “ఎడమకు రా, ఆడ రాయుంది” అని దారి చెప్తూనే ఉన్నారు. ఒక ఇటాలియన్ కుటుంబం కూడా ఆయన చెయ్యి చూసి రాయి తప్పించుకుంది.

బుధవారం

ఈ రోజు కోసం టికెట్లు నెలల ముందే కొన్నాం. పావ్లా అనే ఊర్లో ఇళ్ళ మధ్య ఉన్న హల్ సఫ్లీని హైపోజియం: నేల కింద మూడు అంతస్తులుగా తొలిచిన గుహాలయం, శ్మశానం. గంటకు పది మందిని, రోజుకు ఎనభై మందినే పంపుతారు. మన ఊపిరిలోని తేమకూ బొగ్గుపులుసు వాయువుకూ లోపలి రంగులు చెడిపోతాయి కాబట్టి. సంచులు, ఫోన్లు బయటే.

దీన్ని కనుక్కున్నది ఎవరో తెలుసా? పురావస్తు పండితులు కాదు, కూలీలు. 1902లో కొత్త ఇళ్ళకు వాన నీటి తొట్లు తవ్వుతుంటే కింద పైకప్పు విరిగి బయటపడింది. గైడు ఈ మాట చెప్పగానే మా ఆయన నా మోచేయి గట్టిగా నొక్కారు. నీళ్ళ కోసం తవ్వితే ఐదు వేల ఏళ్ళ కిందటి మనుషులు దొరికారు. ఏడు వేల మంది ఎముకలు ఇక్కడ ఉన్నాయని అంచనా.

లోపల మెట్లు దిగుతుంటే చల్లదనం పెరుగుతుంది. పైన ఎండలో కట్టిన ఆలయాల్లో ఉండే గుమ్మాలూ కప్పులూ ఇక్కడ కొండను తొలిచి అచ్చం అలాగే చెక్కారు, కట్టినట్టు కనిపించాలని. ఒక గది కప్పు మీద ఎర్ర జేగురుతో చుట్టలు చుట్టలుగా తీగలు. అదే గదిలో గోడకున్న గూటిలో లోతైన గొంతుతో పలికితే ధ్వని అంతటా మారుమోగుతుందట. రాతి పనిముట్లతో ఇంత నున్నగా ఎట్లా చెక్కారో! నేను పూర్తిగా మూగపోయాను. ఆయన కూడా ఒక్క ప్రశ్న వేయలేదు. బయటికొచ్చి బెంచీ మీద కూర్చున్నాక, “మా నాయన చూసుంటే బాగుండు” అన్నారు. మామయ్య జీవితమంతా బండల గనిలో పనిచేసిన మనిషి.

సాయంత్రం వాలెట్టా పురావస్తు మ్యూజియంలో, అదే గుహలో దొరికిన ‘నిద్రించే స్త్రీ’ మట్టి బొమ్మ చూశాం. అరచేతిలో పట్టేంత. లావుపాటి ఆవిడ పక్కకు ఒత్తిగిలి, తల కింద చెయ్యి పెట్టుకుని హాయిగా పడుకుని ఉంది. పనంతా ముగించుకుని మధ్యాహ్నం నడుం వాల్చిన మన ఇంటి పెద్దావిడే.

గురువారం

పాత రాజధాని ఇమ్దీనాకు పోయే బస్సు దారిలో రోడ్డు పక్కనే పొడవాటి రాతి కమానులు కనిపించాయి. నైట్ల అధిపతి విన్యకూర్ కట్టించిన నీటి కాలువ. రబాత్ దగ్గరి ఊటల నుంచి వాలెట్టాకు 1615లో నీళ్ళు తెచ్చింది. మా ఆయన కోసం దిగి, తర్వాతి బస్సుకు పోయాం. ఇమ్దీనా అందమైన ఊరే, ఎత్తైన గోడలు, ఇరుకు సందులు. కాని అప్పటికే మబ్బు పట్టింది, ఇద్దరి మనసూ బిర్గు మీదికి పోయింది.

మేం చేరేసరికి ఇంటావిడ మనవడు మిద్దె మీద చీపురు పట్టుకుని ఉన్నాడు. ఎండాకాలం ముగిసి వచ్చే వానలకు ముందు మిద్దె ఊడ్చి, మొదటి నీటిని వీధిలోకి వదిలేసి, ఆ తర్వాతే తొట్టికి గొట్టం తిప్పాలి. మా ఆయన ప్యాంటు మడిచి ఇంకో చీపురు అందుకున్నారు. వాన దబదబా వచ్చింది. ఆవిడ కింద నుంచి మాల్టీస్‌లో కేకలు, పైనుంచి ఈయన తెలుగులో జవాబులు, మధ్యలో నేను ఇంగ్లీషులో. కాసేపటికి నీరు తేటపడింది, కుర్రవాడు గొట్టం తిప్పాడు. బావిలో ధార పడుతున్న చప్పుడుకు ఆవిడ చేతులు జోడించింది, నేనూ జోడించాను.

ఇప్పుడు దీవిలో కుళాయి నీళ్ళలో సగానికి పైగా సముద్రపు నీటిని శుద్ధి చేసి పంపేవే. దానికి బోలెడు కరెంటు కావాలి. “మా కుళాయిలో సముద్రం, మా బావిలో ఆకాశం” అంది ఆవిడ. రాత్రి తడి బట్టలు ఆరేసుకుని, మిగిలిన పులిహోర పొడితో అన్నం కలుపుకుని తిన్నాం.

శుక్రవారం

బయల్దేరేటప్పుడు ఆవిడ నాకు ఒక సీసా ఊరబెట్టిన కేపర్లు ఇచ్చింది. నా దగ్గర మిగిలిన చింతపండు, కారం ఆవిడకు ఇచ్చి, పులుసు కొలతలు కాగితం మీద రాసిచ్చాను. కారం చెంచా సగానికి తగ్గించి రాస్తే, ఆవిడ కలం తీసుకుని దిద్ది మళ్ళీ ఒకటి చేసింది.

దుబాయ్‌లో విమానం కోసం కూర్చున్నప్పుడు మా ఆయన అపార్ట్‌మెంటు గ్రూపులో ఫొటోలు పెట్టారు. సముద్రం కాదు, నేను కాదు. మిద్దె, గొట్టం, బావి ఒర. కింద పెద్ద ఉత్తరం: మన మేడ ఊడవాలి, గొట్టంలోని రావి మొక్క పీకాలి, తొట్టి కడగాలి, ఈశాన్య రుతుపవనం వచ్చేలోగా. సెక్రటరీ గారు నిమిషంలో జవాబిచ్చారు, “చాలా మంచి ఆలోచన సార్, మీరే దగ్గరుండి చేయించండి” అని. ఈయన “తప్పకుండా” అని పెట్టి, ఎన్ని చీపుర్లు కావాలో లెక్క వేయమని నాకు చెప్పారు. నేను ఐదన్నాను. మూడో అంతస్తు వాళ్ళబ్బాయి కూడా వస్తానన్నాడు, ఆరయ్యాయి.